దరఖాస్తులు చదివే దేవరాజులన్న

తిరుపతిలో ఒకప్పుడు ఎవరికి ఎన్నేళ్ళో, ఎవరు ఇంగ్లీషులో తప్పారో, ఎవరి నాయన సంపాదన ఎంతో తెలుసుకోవాలంటే ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. మే, జూన్ నెలల్లో ఒక పూట వచ్చి మా యూనివర్సిటీ అడ్మిషన్ల సెక్షను కిటికీ కింద కూర్చుంటే సరిపోయేది. లోపల దేవరాజులన్న దరఖాస్తులు చదువుతూ ఉండేవాడు.

ఇది డెబ్బైల నాటి మాట. గుమస్తా తనే చూసి తనే రాసుకుంటే తప్పులు దొర్లుతున్నాయని, నేను చేరకముందెప్పుడో ఒక అధికారికి కోపం వచ్చిందట. ఇకమీదట ఒకరు దరఖాస్తు పైకి చదవాలి, ఇంకొకరు విని రిజిస్టర్లో ఎక్కించాలి అని ఉత్తర్వు వేశాడు. ఆ అధికారి రిటైరై మనవళ్ళను ఆడించుకుంటున్నాడు. ఉత్తర్వు మాత్రం మా నెత్తిన ఉండిపోయింది. చదివేవాడు దేవరాజులన్న, రాసేవాణ్ణి నేను. నా పేరు జయరావు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆయన ఎడం పక్కనే నా కుర్చీ. అందుకే నా కుడి చెవి ఇప్పటికీ కాస్త మందం.

ఆయన గొంతు అలాంటిది. పాకాల దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆయన నాయన చెరుకు తోటలో నిలబడి ఒక్క కేక వేస్తే అడవిపందులు పక్క ఊరి పొలిమేర దాకా ఆగకుండా పోయేవట. పొలం తమ్ముళ్ళకు పోయింది, గొంతు మాత్రం ఈయనకు వచ్చింది. యూనివర్సిటీ వాళ్ళు దానికి తగిన పనే ఇచ్చారు.

సెక్షన్లో ఉన్న ఒక్క ఫ్యానూ సూపరింటెండెంటు నెత్తిన తిరిగేది. మిగతా మాకు కిటికీయే గతి. ఆ కిటికీ అవతల కానుగ చెట్టు, చెట్టు కింద టీ బంకు, బంకు ముందు రెండు బల్లలు. దరఖాస్తులు ఇవ్వడానికి వచ్చిన పిల్లలూ వాళ్ళ నాయనలూ అక్కడే కూర్చునేవాళ్ళు. వాళ్ళతోపాటు దరఖాస్తులతో ఏ సంబంధమూ లేని వాళ్ళు కూడా కూర్చునేవాళ్ళు. టీ బాగుంటుందని వస్తున్నామని చెప్పేవాళ్ళు గానీ, ఆ టీ నేనూ తాగాను, దానికోసం ఎవరూ అంత దూరం రారు.

చదవడానికి ఒక వరస ఉండేది. పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, కులం, తండ్రి వృత్తి, సాలుసరి ఆదాయం, రాసిన పరీక్షలు, తప్పిన పరీక్షలు, వచ్చిన మార్కులు, ఒంటి మీద పుట్టుమచ్చలు. దరఖాస్తు అడుగున చిన్న అక్షరాల్లో ‘ఈ వివరములు గోప్యముగా నుంచబడును’ అని అచ్చయి ఉండేది. దేవరాజులన్న కాగితం మీద ఉన్నది ఏదీ వదిలిపెట్టే మనిషి కాదు. ఆ వాక్యాన్ని కూడా అదే గొంతుతో, ఇంకాస్త సాగదీసి, వ్రతకథ చివర ఫలశ్రుతి చదివినట్టు చదివేవాడు. బయట బల్లల మీద వాళ్ళు భక్తిగా తలలూపి, తరువాతి దరఖాస్తు కోసం సర్దుకుని కూర్చునేవాళ్ళు.

బల్ల మీద మొదటి చోటు పెళ్ళిళ్ళు కుదిర్చే మునివెంకటప్పది. గొడుగు ఆనించుకుని పొద్దున్నే వచ్చి కూర్చునేవాడు. చిత్తూరు జిల్లాలో పెళ్ళీడు పిల్లలందరి వయసూ కులమూ చదువూ ఆయనకు ఇంటి గడప తొక్కకుండానే తెలిసిపోయేవి. ఎవరికైనా ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందని వినపడితే, “ఎడం పక్కనా, కుడి పక్కనా దేవరాజులూ?” అని కిటికీలోంచి అడిగేవాడు. ఈయన మళ్ళీ చూసి చెప్పేవాడు. అలా మా సెక్షను చలవతో జరిగిన పెళ్ళిళ్ళు కొన్నయితే, మా సెక్షను చలవతో ఆగినవి కొన్ని. పుత్తూరు పెళ్ళికొడుకొకడు తనకు ఇరవైనాలుగేళ్ళని పిల్ల తరఫువాళ్ళకు చెప్పుకున్నాడు. ఎం.ఏ.కి దరఖాస్తు పెట్టకుండా ఉండి ఉంటే ఆ సంబంధం కుదిరేదే.

రేణిగుంట వైపు బియ్యం మిల్లు ఆసామి ఒకాయన కొడుకు స్కాలర్‌షిప్పు కోసం తన ఆదాయం కూలివాడి ఆదాయం కన్నా తక్కువ రాయించాడు. దేవరాజులన్న దాన్ని ఉన్నదున్నట్టు చదివాడు. ఆ సాయంత్రం ఆసామి బజారుకు వస్తే జనం ఆయన్ని ఆపి పరామర్శించడం మొదలుపెట్టారు. “ఇంత కష్టంలో ఉండావని మాకు తెలీదే అప్పా, ఒక మాట చెప్పి ఉంటే మేము లేమా” అని ఒకరి తరువాత ఒకరు. ఆయన మరునాడే వచ్చి కొడుకు దరఖాస్తులో ఆ గడి మార్చి రాసి పోయాడు. మార్చింది కూడా దేవరాజులన్న చదివాడు.

ఇదంతా విని ఆయన్ని చెడ్డవాడనుకునేరు. ఆయనలో విషం లేదు. ఎవరి దగ్గరా ఒక కాఫీ కూడా ఆశించేవాడు కాదు. మనిషి గురించి తెలిసింది మనిషితో చెప్పడం మర్యాద అని నమ్మేవాడు, అంతే. బజారులో ఎదురైన పిల్లవాణ్ణి ఆపి, “నువ్వు గురప్ప కొడుకువి గదా, తెలుగులో డెబ్బై, లెక్కల్లో ముప్పై ఆరు. ఎట్లుండావు నాయనా?” అని ప్రేమగా పలకరించేవాడు. పిల్లవాడు ఎట్లున్నాడో చెప్పకుండానే సందు తిరిగి పోయేవాడు. “ఈ కాలం పిల్లోళ్ళకు సిగ్గు శానా” అని ఈయన నాతో అనేవాడు.

ఇక ఆయన భార్య నాగరత్నమ్మ వదిన సంగతి. ఆమెది శ్రీకాళహస్తి. పెళ్ళయ్యేనాటికి మెట్రిక్యులేషన్ చదువుతూ ఉండింది. కాపురానికి వచ్చాక పరీక్ష రాసింది, లెక్కల్లో పన్నెండు మార్కులు వచ్చి తప్పింది. కొత్త పెళ్ళికొడుకు దేవరాజులన్నకు అది ముద్దుగా తోచింది. “మా ఆమెకు లెక్కల్లో పన్నెండబ్బా” అని రైల్లో చెప్పాడు, పెళ్ళిపందిట్లో చెప్పాడు, వీధి కొళాయి దగ్గర బిందెలు పట్టుకునే ఆడవాళ్ళకు కూడా చెప్పాడు. ఆయన చెప్పి మరిచిపోయాడు గానీ కొళాయి మరిచిపోలేదు. “ఏం నాగరత్నా, పన్నెండు బిందెలు పట్టుకున్నావా?” అని ఏళ్ళ తరబడి నవ్వారు. వదిన కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. పుస్తకాలు మాత్రం అటక ఎక్కించేసింది. మళ్ళీ పరీక్ష రాస్తానని అనలేదు, రాయమని ఈయనా అనలేదు. చదువు మీద ఆమెకు ఆశ పోయిందని ఈయన అనుకున్నాడు.

ఆశ పోలేదని నాకు తెలిసింది ఒక ఆదివారం పొద్దున. ఆ ఏడు మా యూనివర్సిటీ కొత్త పద్ధతి ఒకటి పెట్టింది. మెట్రిక్యులేషన్ తప్పినవాళ్ళయినా ఒక ప్రవేశపరీక్ష రాసి గట్టెక్కితే చాలు, ఇంట్లోనే చదువుకుంటూ బి.ఏ. పరీక్షలకు కూర్చోవచ్చు. పాఠాలు పోస్టులో వస్తాయి. ఆ దరఖాస్తు పూర్తి చేసుకుని, కొంగు కింద దాచుకుని, వదిన మా ఇంటికి వచ్చింది. వెంట వాళ్ళ పక్కింట్లో రవికలు కుట్టే రహమత్ బీ.

“జయరావూ, ఇది మీ ఆఫీసులో ఇయ్యాల. ఆయన చేతికి మాత్రం పోగూడదు” అంది వదిన.

“వదినా, ఆడికి వచ్చే ప్రతి కాగితమూ అన్న చేతి మీదనే పోతాది గదా.”

“అందుకే నీ దగ్గరికొచ్చినా.”

“అన్న వద్దంటాడనా మీ భయం?”

“వద్దనడు. సంతోషపడతాడు. అదే నా భయం. ఆయనకు సంతోషమైతే ఊరంతటికీ చెప్తాడు. రేపు తప్పితే ఆ కొళాయి కాడికి పోవాల్సింది నేను.” కొంగు సర్దుకుని, “తప్పితే తప్పుతానబ్బా, దానికేం. తప్పినట్టు ఎవురికీ తెలీకుండా తప్పాల. అట్లయితే మళ్ళీ రాసుకుంటా. ఇంగోసారి అందరూ నవ్వితే మాత్రం నాకు మళ్ళీ రాసే ధైర్యం రాదు” అంది.

“పాసైనంక ఆయనే దండోరా ఏసుకోనీ భాయ్” అంది రహమత్ బీ. “అడ్రస్ మా ఇంటిది ఏసినాం. హాల్ టికెట్టు, మార్కుల కార్డు, అన్నీ మా ఇంటికే వస్తాయి. మా ఇంట్లో మిషన్ కింద పెట్టినామంటే ఎవురికీ దొరకవు.”

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం తేలికే. దరఖాస్తు మీద ముద్ర పడి, వరస నంబరు పడింది. దాన్ని దేవరాజులన్న కట్టలోకి చేరనివ్వకుండా నా సొరుగులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఆయన భోజనానికి లేచినప్పుడు చప్పుడు కాకుండా రిజిస్టర్లో ఎక్కించేద్దామని నా ఎత్తు. కానీ ఆయన భోజనానికి లేచే మనిషి కాదు. సంగటీ పప్పూ కుర్చీలోనే తిని, తింటూ కూడా కిటికీ బయటి వాళ్ళ సందేహాలు తీర్చేవాడు. రోజూ సొరుగు వైపు చూడటం, చూసి చెమటలు తుడుచుకోవడం, ఇదే నా పని అయిపోయింది. దొంగతనం చేసేవాళ్ళు ఎలా బతుకుతారో నాకు అర్థం కాలేదు.

చివరికి ఆ నంబరు రానే వచ్చింది. దేవరాజులన్న రెండు వందల పదహారు చదివి ముగించి, తరువాతిది తీసి చూసి, ముఖం చిట్లించాడు.

“ఇది పద్దెనిమిది. పదిహేడు యాడరా?”

“యాడో కలిసిపోయింటాది అన్నా. తర్వాత సూస్తాంలే.”

“తర్వాత ఏంది? నంబరు తప్పితే ఒక మనిషి తప్పిపోయినట్టు గదా. ఎవురి బిడ్డో ఏమో.”

ఆయన తన బల్ల వెతికాడు, కిందకు వంగి వెతికాడు, తరువాత నా సొరుగు లాగాడు. నా సొరుగుకు తాళం లేదు. ఆ సెక్షన్లో దేనికీ తాళం ఉండేది కాదు. “ఈడే పెట్టుకోని యాడో అంటావే” అని దరఖాస్తు పైకి తీసి, కళ్ళజోడు సర్దుకుని, అలవాటు చొప్పున చదవడం మొదలుపెట్టాడు.

“రెండు వందల పదిహేడు. పేరు, నాగరత్నమ్మ.” మా జిల్లాలో నాగరత్నమ్మలకు కరువు లేదు కాబట్టి ఆయనకు ఏ అనుమానమూ రాలేదు. “భర్త పేరు…”

అక్కడ ఆగిపోయాడు.

నేను ఆయన ముఖం చూడలేక రిజిస్టరు చూస్తూ కూర్చున్నాను. కలంలోంచి ఒక సిరా చుక్క కాగితం మీద పడి మెల్లగా పెద్దదైంది. బయట బల్లల మీద మాటలు ఆగాయి. అంతకు ముందు ఎన్నడూ ఆ గొంతు మధ్యలో ఆగలేదు.

“ఏమప్పా దేవరాజులూ, మొగుడి పేరు మింగేసినావే” అన్నాడు మునివెంకటప్ప.

దేవరాజులన్న కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. “సిరా చెదిరిపోయి ఉండాదప్పా. కనపడలేదు” అన్నాడు. ఆయన జీవితంలో అదే మొదటి అబద్ధమని నేను ఒట్టేసి చెప్పలేను. చదవకుండా వదిలిన మొదటి గడి మాత్రం అదే.

మిగతాదంతా తనలోనే చదువుకున్నాడు. ఫోటో దగ్గర చాలాసేపు ఉన్నాడు. వదిన తనంతట తానే స్టూడియోకి పోయి తీయించుకున్న ఫోటో అది. ఆయన లేకుండా ఆమె ఫోటో దిగడం అదే మొదటిసారి అనుకుంటాను. తప్పిన పరీక్షల గడిలో గణితం అనీ, ఎదురుగా పన్నెండు అనీ గుండ్రటి అక్షరాల్లో ఉంది. ఆయన నవ్వుతూ ఊరంతా పంచిపెట్టిన అంకె. ఆమె దాన్ని ఒక్కతే కూర్చుని తన చేత్తో రాసుకోవలసి వచ్చింది. ఆయన వేలు ఆ గడి మీద నిలిచి, అక్కడి నుంచి చిరునామా మీదికి జారింది.

“రహమత్ బీ ఇంటి అడ్రసు ఎందుకేసింది?” అని అడిగాడు, నాకు మాత్రమే వినపడేటట్టు. ఆయనకు అంత చిన్న గొంతు కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

“నీకు తెలీగూడదని అన్నా.”

“నేను వద్దంటానా?”

“వద్దనవు. చదువుతావు.”

ఆయన నా ముందున్న రిజిస్టరు లాక్కుని, నా చేతిలోని కలం తీసుకుని, రెండు వందల పదిహేడో వరస తన చేత్తోనే నింపాడు. చదివేవాడే రాయకూడదన్న ఉత్తర్వు ఆ రోజు ఆ ఒక్క వరసకు చెల్లలేదు. కాగితం కట్ట అడుగున పెట్టి, “కిటికీ మూయి” అన్నాడు.

“అన్నా, ఎండాకాలం.”

“మూయరా.”

మూశాను. గోప్యత అంటే ఏమిటో యూనివర్సిటీలో మిగతా వాళ్ళకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు గానీ, నాకు మాత్రం ఉక్క రూపంలో తెలిసింది. మే నెల తిరుపతిలో కిటికీ మూసిన గదిలో కూర్చుని రాస్తే, చెమటకు రిజిస్టరు పుటలు చేతికి అంటుకుని లేచి వచ్చేవి. దేవరాజులన్న అప్పటి నుంచి దరఖాస్తును నా చెవి దగ్గరికి తెచ్చి గొణిగేవాడు. జీవితమంతా కేకలేసిన మనిషి గొణిగితే ఒక్క ముక్క అర్థం కాదు. రెండుసార్లు అడిగి, మూడోసారి నేనే తొంగిచూసి రాసుకునేవాణ్ణి. కిటికీ మూసింది దుమ్ము పడుతోందని సూపరింటెండెంటుకు చెప్పాడు. కానుగ చెట్టు కింద కొన్నాళ్ళు జనం ఓపిగ్గా కూర్చున్నారు. తరువాత ఒక్కొక్కరే లేచిపోయారు. మునివెంకటప్పకు మాత్రం కోపం తగ్గలేదు. “పది మందికి పనికొచ్చే మనిషి ఇట్లయిపాయె” అని బజారంతా చెప్పుకున్నాడు.

ఆఫీసులో నోరు మూసుకోవడం ఒక ఎత్తు, ఇంట్లో మూసుకోవడం ఇంకో ఎత్తు. వదినకు ఈ సంగతి ఏదీ తెలియకూడదని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. తనకు తెలిసిందని ఆమెకు తెలిస్తే చదవడం మానేస్తుందేమోనని ఆయన భయం. ఆమె చదువుకోవాలంటే ఇంట్లో తను ఉండకూడదు కాబట్టి సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కపిలతీర్థం పోయివస్తానని బయటపడేవాడు. అక్కడ చేసేదేమీ ఉండేది కాదు. మెట్ల మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను చూసేవాడు, అందులో తెలిసిన పిల్లవాడు కనపడితే వాడి మార్కులు నోటి దాకా వచ్చి ఆగిపోయేవి. దేవరాజులుకు భక్తి ముదిరిందని వీధిలో చెప్పుకున్నారు. నుదుట విభూతి పెట్టి దాన్ని కూడా నిజం చేశాడు.

“వంటింట్లో బియ్యం డబ్బా పక్కన చరిత్ర పుస్తకం ఉండాదిరా” అని నాతో రహస్యంగా చెప్పేవాడు. “నేను సూడనట్టే నీళ్ళు తాగి వచ్చేసినా.” ఇంకొక రోజు, “చారులో ఉప్పు రెండుసార్లు పడింది. గమ్మున తినేసినా. లెక్కలు చేస్తా ఉండిందేమో.” ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఆయన బతకలేడు. అంత సమాచారమూ మోయడానికి నేను ఒక్కణ్ణే దొరికాను. ఒక పెళ్ళి భోజనంలో ఎవరో, “నీ భార్య ఇప్పుడేం చేస్తాండాదప్పా?” అని ఊరికే అడిగారు. ఈయన ముఖం ఎర్రబడి, చేతిలో ఉన్న తీపి ఓళిగ మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు. అడిగినాయన భయపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

వదిన పరీక్ష రాసింది. శ్రీకాళహస్తిలో అమ్మను చూసివస్తానని చెప్పి పోయి, రాసి వచ్చింది. ఈయనే బస్సు ఎక్కించి, “మీ అమ్మను అడిగినట్టు చెప్పు” అన్నాడట. అంతకన్నా బాగా నటించడం ఆయన వల్ల కాదు.

ఫలితాలు మా సెక్షనుకే మొదట వచ్చాయి. ఆయన జాబితా తీసుకుని, మూసి ఉన్న కిటికీ దగ్గరికి పోయి, అద్దంలోంచి పడే వెలుతురులో చూశాడు. తెలుగు, ఇంగ్లీషు, చరిత్ర అన్నీ గట్టెక్కాయి. లెక్కల్లో మళ్ళీ తప్పింది.

తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన్ని ఎగతాళి చేసి పొద్దుపుచ్చే అలవాటు నాది. ఆ రోజు రిజిస్టరు మూసి పక్కన పెట్టాను.

“ఇప్పుడేం చెయ్యాలరా?” అన్నాడు. “ఓదార్చాలంటే నాకు తెలుసని చెప్పాల. చెప్పకుంటే ఆయమ్మ ఒక్కతే ఏడ్చుకుంటాది.”

“గమ్మున ఉండన్నా. అదొక్కటే నువ్వు చెయ్యాల్సింది.”

“అదొక్కటే గదరా నాకు చేతగానిది.”

కార్డు రహమత్ బీ ఇంటికి చేరింది. ఆ తరువాతి ఆదివారం దేవరాజులన్న ఉన్నట్టుండి, “చంద్రగిరికి పోదామా?” అని వదినను అడిగాడు. పెళ్ళయినప్పటి నుంచి కళ్ళముందున్న చంద్రగిరికి వాళ్ళిద్దరూ ఎన్నడూ పోలేదు. పులిహోర కట్టుకుని బస్సెక్కారు. కోటలో రాజమహల్ ఎదురుగా గడ్డిలో కూర్చున్నాక, పొట్లం విప్పబోతూ వదిన ఏడ్చేసింది. చాలాసేపు ఏడ్చింది. తరువాత కొంగుతో ముఖం తుడుచుకుని, ఎండకు తలనొప్పిగా ఉందని చెప్పింది. ఈయన అవునవును ఎండ శానా ఉండాదని, పొట్లం తానే విప్పి, ఆమె ముందు పెట్టాడు.

“ఎందుకని నేను అడగలేదురా” అని సోమవారం నాతో అన్నాడు. బస్టాండులో పక్కన నిలబడిన మనిషిని కూడా వయసూ చదువూ అడక్కుండా వదలని వాడు, పక్కన కూర్చుని ఏడుస్తున్న భార్యను ఏమీ అడగలేదు. నేను ఆయన్ని మెచ్చుకున్నాను. అది ఆయనకు ఎంత కష్టమో నాకే తెలుసు.

ఏడాది తిరిగింది. రహమత్ బీ మళ్ళీ ఒక దరఖాస్తు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. “ఇంగోసారి రాస్తుందంట” అని మాత్రం చెప్పింది. నేను దాన్ని సొరుగులో పెట్టాను, ఈయన అడగకుండానే తీసుకుని తన చేత్తో ఎక్కించాడు. ఆ ఏడు జాబితా వచ్చినప్పుడు ఆయన తను చూడకుండా నన్ను చూడమన్నాడు. లెక్కల్లో నలభై ఒకటి. ఆయన లేచి నిలబడ్డాడు, నోరు తెరిచాడు, గది నాలుగు మూలలా చూశాడు, తెరిచిన నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆ నలభై ఒకటిని మింగడానికి ఆయన పడ్డ పాట్లు చూస్తే ఎవరికైనా జాలి వేసేది.

కొన్నాళ్ళకు వదిన నన్నూ రహమత్ బీనీ భోజనానికి పిలిచింది. ముగ్గురికీ విస్తళ్ళు వేసి, వడ్డిస్తూ వడ్డిస్తూ దేవరాజులన్న ముందు నిలబడింది.

“మీకొక మాట చెప్పాల. నేను బి.ఏ.లో చేరినా. ప్రవేశపరీక్ష పాసైనా.”

“అట్లనా” అన్నాడు ఈయన. ఏడాది తరువాత మొదటిసారిగా పాత గొంతు బయటికి వచ్చి వసారా అంతా మారుమోగింది. “ఎప్పుడు రాస్తివి? ఎట్ల రాస్తివి? నాకు తెలీనే తెలీదే. జయరావూ, నీకేమన్నా తెలుసునారా?” వీధి నాటకాల్లో కూడా అంత అధ్వాన్నంగా ఎవరూ నటించరు. నేను విస్తట్లో తల పెట్టేశాను. రహమత్ బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“పోయినేడు కూడా రాసినా. తప్పినా” అంది వదిన.

“అయ్యో, అదీ నాకు తెలీదే.”

వదిన గరిటె గిన్నెలో పెట్టేసింది.

“చాల్లెండి. చంద్రగిరిలో నేను అంతసేపు ఏడిస్తే, ఎందుకేడుస్తాండావని ఒక్క మాట అడగలేదు మీరు. ఇన్నేండ్ల కాపురంలో మీరు అడగని దినం అదొక్కటే. మీకు తెలుసని నాకు ఆ పొద్దే తెలిసింది.”

దేవరాజులన్న ముఖంలో నటన ఎక్కడిదక్కడ జారిపోయింది. “తెలిసీ నన్నేమీ అనలేదే నువ్వు” అన్నాడు మెల్లగా.

“సూస్తా ఉండినా. ఈ పొద్దు చెప్తాడు, రేపు చెప్తాడు అనుకుంటా, కొళాయి కాడికి పోయినప్పుడల్లా అందరి ముఖాలూ సూసినా. ఎవురూ నవ్వలేదు. ఎవురికీ తెలీలేదు. మీరు చెప్పలేదని నమ్మకం కుదిరినాకనే మళ్ళీ కట్టినా పరీక్షకి.”

ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండా పక్కన పెట్టి, తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. వదిన గరిటె తీసుకుని ఆయన విస్తట్లో ఇంకొంచెం పప్పు వేసింది.